బ్లీచ్ మాంగా: 74 పుస్తకాలూ కొనాలా, ఎక్కడైనా ఆగొచ్చా

బ్లీచ్ అనేది జపాన్ మాంగా, అంటే బొమ్మల కథ. మొత్తం 74 పుస్తకాలు, 686 చాప్టర్లు. 2001 ఆగస్టు నుంచి 2016 ఆగస్టు దాకా పదిహేనేళ్ళ పాటు జపాన్‌లో వీక్లీ షోనెన్ జంప్ అనే పత్రికలో వారం వారం వచ్చింది, రాసి గీసినాయన పేరు టైట్ కుబో. చదవాలా వద్దా అని అడిగితే, చదవండి. కానీ అన్నీ ఒకే స్పీడులో చదవకండి. మధ్యలో కొన్ని పుస్తకాలు పరిగెత్తించేసినా కొంపలేం మునగవు, 60 చుట్టుపక్కలకి వచ్చాక మాత్రం ఫోన్ పక్కన పడేసి కూర్చోండి. ఎందుకో చెప్పాలంటే కథలో గుట్లు కొన్ని విప్పాల్సి వస్తుంది, ఆ మాట ముందే చెప్తున్నాను, తరవాత నన్ను తిట్టుకోవద్దు.

కథ మొదలు చాలా సింపుల్. కురోసాకి ఇచిగో అని పదిహేనేళ్ళ కుర్రాడు, పుట్టుకతోనే నారింజ రంగు జుట్టు, ముక్కు మీద కోపం, చిన్నప్పటి నుంచి దెయ్యాలు కనిపిస్తాయి. కనిపించడమే కాదు, మాట్లాడతాడు, తిడతాడు, తన్నగలడు కూడా. నాన్నకి ఊళ్ళో చిన్న క్లినిక్కు, ఇద్దరు కవల చెల్లెళ్ళు, అమ్మ లేదు. ఒక రాత్రి వీడి గదిలోకి రుకియా అని నల్ల బట్టల అమ్మాయి వచ్చి పడుతుంది. ఆమె షినిగామి, అంటే చచ్చిపోయినవాళ్ళ ఆత్మల్ని పై లోకానికి చేర్చే ఉద్యోగి, మన లెక్కలో యమభటురాలు అనుకోండి. దారి తప్పి రాక్షసులుగా మారిన ఆత్మలు కొన్ని ఉంటాయి, వాటిని హాలోలు అంటారు. అలాంటి హాలో ఒకటి ఇచిగో ఇంటి మీద పడినప్పుడు రుకియా గాయపడి, వేరే దారి లేక తన శక్తిలో సగం వీడికి ఇవ్వబోతే వీడు మొత్తం లాగేసుకుంటాడు. అంటే హీరో చేతికి వచ్చిన మొదటి శక్తే అరువు సరుకు, దాని వల్లే ఆ అమ్మాయి తర్వాత తన లోకంలో దోషిగా నిలబడాల్సి వస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా ఈ అప్పు చుట్టూనే తిరుగుతుంది.

నాకు మాత్రం మొదటి చాప్టర్లో అంతకంటే ముందొచ్చే సీనే పడింది. రోడ్డు పక్కన చనిపోయిన ఒక చిన్నపిల్ల కోసం ఎవరో సీసాలో పూలు పెట్టి వెళ్తారు, స్కేట్‌బోర్డులు వేసుకొచ్చిన కుర్రాళ్ళు ఆ సీసా పడేస్తారు. ఇచిగో వాళ్ళని చితక్కొట్టి, అక్కడే నిలబడి ఉన్న ఆ పిల్ల ఆత్మని చూపించి, క్షమాపణ చెప్పమంటాడు. వాళ్ళు హడలిపోయి పారిపోతారు. వీడు చాలా మామూలుగా ఆ పిల్లతో మాట్లాడి, రేపు కొత్త పూలు తెస్తానని చెప్పి వెళ్ళిపోతాడు. అప్పటికి వీడికి కత్తీ లేదు, బిరుదూ లేదు. వీడు ఎవరో అక్కడే తెలిసిపోతుంది, ఆ తరవాత 74 పుస్తకాల్లో వచ్చేవన్నీ వీడికి జనం తగిలించే పేర్లే.

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, వాడు ఇదంతా ఫోన్‌లో అనిమేగా, అంటే కార్టూన్ సిరీస్‌గా చూశాడు. పుస్తకాలు తిరగేసి, "మావయ్యా, ఇంతకీ ఇచిగో మనిషా, దెయ్యమా?" అన్నాడు. వాడు వేళాకోళానికి అడిగాడు గానీ, కుబో పదిహేనేళ్ళు బొమ్మలు గీసింది సరిగ్గా ఈ ప్రశ్న మీదే. మొదట మనిషి అంటాడు. తరవాత షినిగామి. కొంతదూరం పోయాక వీడి లోపల తెల్లగా వీడి మొహమే వేసుకున్న హాలో ఒకటి ఉందని బయటపడుతుంది, అది వీడిని ఎగతాళి చేస్తూ, నువ్వు రాజువి అయితే నేను గుర్రాన్ని, నువ్వు నీరసపడ్డ రోజు ఆ కిరీటం నాది అని బెదిరిస్తుంది. ఇది చాలదన్నట్టు ఆఖర్న క్విన్సీ రక్తం కూడా ఉందంటారు, క్విన్సీలంటే షినిగాములకి బద్ధశత్రువులైన విలుకాళ్ళ జాతి. ఒక్క ఒంట్లో ఒకదానికొకటి పడని నాలుగు వర్గాలు. ఏ వర్గానికి వెళ్ళినా వీడు సగం బయటివాడే.

శక్తుల లెక్క కుబో వేసిన తీరు నాకు బాగా నచ్చింది. ప్రతి షినిగామి కత్తికీ ఒక పేరు ఉంటుంది, లోపల ఒక ప్రాణం ఉంటుంది, దాన్ని అడిగి పేరు తెలుసుకుంటేనే అది మాట వింటుంది. బలం పెరగాలంటే కండలు పెంచితే చాలదు, నీ లోపల ఉన్నదెవరో నువ్వు గుర్తుపట్టాలి. ఇది చెప్పుకోవడానికి తాత్వికంగా ఉంటుంది, కానీ ఆయన దాన్ని పక్క పాత్రల మీద ఎలా వాడుకున్నాడో చూడండి. షినిగాముల పదకొండో దళంలో అయాసెగావా యుమిచికా అని ఒకడున్నాడు, అందం పిచ్చోడు. ఆ దళంలో అందరూ మొరటు కత్తి వీరులే, మంత్రం లాంటి శక్తి వాడితే చిన్నచూపు. మనవాడి కత్తిది సరిగ్గా ఆ మంత్రం రకం శక్తి. అది బయటపడితే దళంలో పరువు పోతుందని వాడు తన కత్తిని దానికి ఇష్టం లేని పేరుతో పిలుస్తుంటాడు, అప్పుడది అలిగి సగం శక్తే చూపిస్తుంది. ఎవరూ చూడరని గట్టిగా తెలిస్తేనే అసలు పేరుతో పిలుస్తాడు. వాడికి కథలో పెద్ద పాత్ర కూడా లేదు, పది పుస్తకాలకొకసారి కనపడతాడంతే. కానీ స్నేహితుల బ్యాచ్‌లో ఇమిడిపోవడానికి సొంత ఇష్టాలు దాచుకుని తిరిగిన ప్రతివాడికీ వాడిని చూస్తే ఎక్కడో తగులుతుంది. వాళ్ళ దళపతి జరాకి కెన్‌పాచీది ఇంకో రకం. ఎదురెవరొచ్చినా నిలబడని బలం, అయినా సొంత కత్తి పేరేంటో తెలీదు, తెలుసుకోవాలన్న తపన చాలాకాలం దాకా ఉండదు. శత్రువులకి తను వస్తున్నట్టు తెలియాలని జుట్టుకి గంటలు కట్టుకుంటాడు, ఫైటు తొందరగా అయిపోకూడదని తన శక్తిని తినేసే కంటిపట్టీ పెట్టుకుంటాడు. ఇచిగోతో వాడి ఫైటు 13వ పుస్తకంలో ఉంటుంది, నాకు ఈ సిరీస్‌లో నచ్చిన ఫైట్లలో అది మొదటి వరసలో ఉంటుంది.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను, ఒరిహిమే పిన్నులు. ఇచిగో క్లాస్‌మేట్ ఆ అమ్మాయి, అన్నయ్యే పెంచాడు. అన్నయ్య కొనిచ్చిన జుట్టు పిన్నులు చిన్నపిల్లలవిలా ఉన్నాయని గొడవపడుతుంది, అలక మీద ఆ రోజు పొద్దున్న అతనికి వెళ్ళిరా అని కూడా చెప్పదు, అదే రోజు అతను పోతాడు. అప్పట్నుంచి రోజూ అవే పెట్టుకుంటుంది. అన్నయ్యేమో, చెల్లెలు తనని మర్చిపోతోందనుకుని ఒంటరితనంతో హాలోగా మారి ఆమె మీదకే వస్తాడు. కొన్ని పుస్తకాల తరవాత ఈ అమ్మాయికి శక్తి వస్తుంది కదా, అది ఎక్కడి నుంచి వస్తుందనుకుంటున్నారు, ఆ పిన్నుల్లోంచే. ఇది చదివి మా అక్క కొడుకు "సెంటిమెంట్" అని పక్కన పడేశాడు. వాడికింకా అన్నం పెట్టేవాళ్ళ మీద అలిగే వయసు, ఇప్పుడేం తెలుస్తుంది లెండి.

తరవాత షినిగామి లోకం కథ, రుకియాకి మరణశిక్ష పడితే ఇచిగో బ్యాచ్ అంతా వెళ్ళి ఆమెని తీసుకురావడం, 21వ పుస్తకం దాకా అదే. మాంగా చదివే అలవాటు లేనివాళ్ళు కూడా ఈ భాగం కింద పెట్టలేరు. కళ్ళజోడు పెట్టుకుని అందరితో నెమ్మదిగా మాట్లాడే ఐజెన్ అనే దళపతి చివర్లో ఏం చేస్తాడో ఇక్కడ రాయను. ఆ కళ్ళజోడు తీసి నలిపేసే పేజీ మాత్రం ఎవరూ చెప్పకుండా చదివినవాళ్ళు అదృష్టవంతులు. నాకా అదృష్టం దక్కలేదు, మా ఆఫీసులో ఒకాయన టీ కొట్టు దగ్గర మొత్తం చెప్పేశాడు.

22 నుంచి 48 దాకా సాగదీత. ఇక్కడ కుబో మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. మళ్ళీ ఒకమ్మాయిని ఎత్తుకుపోవడం, మళ్ళీ బ్యాచ్ అంతా శత్రులోకంలోకి పరిగెత్తడం, దారిలో నంబర్లు వేసుకున్న విలన్లు ఒక్కొక్కడే వరసలో వచ్చి, తన శక్తి ఎలా పనిచేస్తుందో అవతలివాడికి పూస గుచ్చినట్టు చెప్పి, ఓడిపోయి వెళ్ళడం. ఒక్క ఫైటు మూడు పుస్తకాలు తినేస్తుంది. వారం వారం చదివిన జపాన్ వాళ్ళ ఓపికకి దండం పెట్టాలి. అయితే ఈ బురదలో కూడా మాణిక్యాలున్నాయి. 41వ పుస్తకంలో, కంటికి కనపడనిదేదీ అసలు లేనే లేదనే ఉల్కియోర్రా అనే విలన్ కథ ముగిసే తీరు ఒకటి. 36, 37 పుస్తకాల దగ్గర ఒక వంద ఏళ్ళ వెనక్కి వెళ్ళి చెప్పే కథ ఇంకోటి, దళాల్లోంచి వెలివేయబడ్డ ముసుగు మనుషులు ఒకప్పుడెవరో అక్కడే తెలుస్తుంది. మిగతావి పేజీలు తిప్పేయండి, ఏం పర్లేదు.

49 నుంచి 54 దాకా భాగాన్ని చాలామంది తిడతారు. నేను ఒప్పుకోను. శక్తులన్నీ పోయి, దెయ్యాలు కూడా కనిపించని మామూలు కుర్రాడిగా ఇచిగో పదిహేడు నెలలు గడిపేశాక మొదలవుతుందది. కోరుకున్న మామూలు బతుకే దొరికింది కదా, హాయిగా ఉండొచ్చు కదా అంటే వీడికి ఊపిరాడదు. తోటివాళ్ళు హాలోల మీదకి పరిగెడుతుంటే వీడు క్లాసులో కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. రిటైరైన మర్నాడు పొద్దున్నే లేచి, అలవాటుగా స్నానం చేసి తయారైపోయి, ఎక్కడికి వెళ్ళాలో తెలీక వీధి అరుగు మీద కూర్చునే పెద్దమనుషులు మన ఊళ్ళో ఎంతమంది లేరు, అచ్చం అలాగే ఉంటాడు. వీడి చేతిలో ఉన్న తాత్కాలిక షినిగామి బ్యాడ్జీ అసలెందుకు ఇచ్చారో కూడా ఇక్కడే తెలుస్తుంది. గుర్తింపు కార్డు అనుకున్నది నిఘా పరికరం. అది తెలిసిన తరవాత వీడు తీసుకునే నిర్ణయం కోసమైనా ఈ ఆరు పుస్తకాలు చదవాలి.

ఇక 60. ఇక్కడి నుంచి ఒక పేరా దాకా కథ తెలియకూడదనుకునేవాళ్ళు దాటేయండి.

తొమ్మిదేళ్ళప్పుడు, జూన్ 17న, వర్షంలో, నది ఒడ్డున ఒక అమ్మాయి నీళ్ళలో పడిపోతోందనుకుని ఇచిగో పరిగెడతాడు. అది మనిషి కాదు, హాలో వేసిన ఎర. కొడుకుని కాపాడుకోబోయి అమ్మ చచ్చిపోతుంది. నా వల్లే పోయిందన్న బరువు మోసుకుంటూ వాడు పెరుగుతాడు, మొదటి పుస్తకాల నుంచి వాడి కోపమంతా దాని నుంచి వచ్చిందే. యాభై పైచిలుకు పుస్తకాలు గడిచాక తండ్రి కూర్చోబెట్టి చెప్తాడు, మీ అమ్మ క్విన్సీ, ఆ హాలో ఆమెకి లెక్కలోది కాదు, సరిగ్గా ఆ రోజే ఎక్కడో ఉన్న క్విన్సీల రాజు తన లెక్కలో అశుద్ధులైన క్విన్సీలందరి శక్తీ లాగేసుకున్నాడు, అందుకే పోయిందని. తప్పు వీడిది కాదు. అది తెలిశాక వీడికి ఊరట రావాలి కదా, వచ్చీ రాకుండానే ఇంకో దెబ్బ. ఇన్నేళ్ళుగా వీడి లోపల కూర్చుని, కత్తి పేరు చెప్పి, యుద్ధం నేర్పిన నల్లకోటు పెద్దాయన అసలు కత్తి ప్రాణమే కాదు, అమ్మ నుంచి వచ్చిన క్విన్సీ శక్తి, ఆ శత్రు రాజు రూపంలో. ఇన్నాళ్ళూ వీడు భయపడి అణిచిపెట్టిన తెల్ల హాలోనే అసలు కత్తి. పెద్దాయన అబద్ధం చెప్పింది వీడిని యుద్ధాల్లోంచి తప్పించడానికి, అదీ ప్రేమతోనే. ఇచిగో తిట్టడు. ఇద్దరూ నేనే అని ఒప్పుకుంటాడు, రెండు కత్తులు పుచ్చుకుని లేస్తాడు. నువ్వెవరివి అన్న ప్రశ్నకి ఒక పేరు ఎంచుకోకుండా, దేన్నీ కాదనకుండా జవాబు చెప్పిన హీరోలు నాకు పెద్దగా తగల్లేదు. వెంటనే వెనక్కెళ్ళి మొదటి పది పుస్తకాల్లో ఆ పెద్దాయన మాటలన్నీ మళ్ళీ చదివాను, ఎక్కడా దొరికిపోలేదు కుబో.

మనకి ఈ లెక్క కొత్తేం కాదులెండి. విజయనగరంలో పుట్టి పెరిగినవాళ్ళకి పైడితల్లమ్మ కథ ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బొబ్బిలి యుద్ధం నాటి విజయనగరం రాజుగారి చెల్లెలు, మన పెద్దచెరువులో విగ్రహమై దొరికి ఊరి అమ్మవారైంది. పండగలో ఊరేగించే సిరిమానుకి చెట్టు ఎక్కడుందో పూజారి కలలోకొచ్చి చెప్తుందంటారు, పండగ రోజు ఆ మాను చివర కూర్చున్న పూజారిని జనం అమ్మవారిగానే చూసి దండం పెడతారు. అక్కడ కూర్చున్నది ఆయనా, ఆమా అని మూడులాంతర్ల దగ్గర గుంపులో నిలబడి అడిగి చూడండి, ఏటండీ ఆ ప్రశ్న అన్నట్టు చూస్తారు. బ్లీచ్ చదువుతున్నప్పుడు నాకు మా వాళ్ళ ఆ చూపే గుర్తొచ్చేది.

ముగింపు బాగాలేదు. బాగాలేదంటే, కథ ఆలోచన బాగానే ఉంది, ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు గీశారు. కొందరి ఫైట్లు మొదలయ్యాయి గానీ ఎటు పోయాయో తెలీదు, క్విన్సీల రాజుని దించడం నాలుగైదు చాప్టర్లలో చుట్టేశారు. తరవాత వచ్చిన నవలల్లో కొన్ని ఖాళీలు పూడ్చారు, 2022లో మొదలైన అనిమే భాగంలో కుబో దగ్గరుండి కొత్త సీన్లు కలిపించాడు, కాబట్టి 55 తరవాతి కథ పుస్తకంలో చదివి అనిమేలో కూడా చూడటం మంచిది. ఈ ఒక్క విషయంలో మా అక్క కొడుకు గెలిచాడు.

బొమ్మల గురించి. కుబో పేజీల్లో తెలుపు ఎక్కువ, వెనకాల గోడలూ చెట్లూ ఉండవు, రెండు పేజీలు కలిపి ఒక మొహం, ఒక మాట. డబ్బులిచ్చి కొని అయిదు నిమిషాల్లో చాప్టరు అయిపోయిందని గొణుక్కునేవాళ్ళున్నారు. నాకైతే ఆ ఖాళీలోనే కత్తి దెబ్బ వినపడుతుంది. ఇచిగో మనసులోపలి లోకం గీసిన తీరు చూడండి, ఆకాశహర్మ్యాలన్నీ పక్కకి పడుకుని ఉంటాయి, వీడు కిటికీల మీద నడుస్తాడు, వీడికి బాధ కలిగితే అక్కడ వాన పడుతుంది. ప్రతి పుస్తకం మొదట్లో కుబో రాసిన చిన్న కవిత ఒకటి ఉంటుంది, తొందరలో దాటేయకండి.

కొనడం సంగతి. తెలుగులో లేదు. విజ్ మీడియా వాళ్ళ ఇంగ్లీషు పుస్తకాలే దిక్కు, ఇంగ్లీషు కష్టమేం కాదు, టెన్త్ పిల్లలు చదివేస్తారు. కుడి నుంచి ఎడమకి చదవాలి, ఒక పుస్తకం అయ్యేసరికి చేతికి అలవాటైపోతుంది. మన ఊళ్ళో గంటస్తంభం చుట్టూ ఎంత తిరిగినా టెక్స్ట్ బుక్కులు, గైడ్లు, డీఎస్సీ మెటీరియల్ తప్ప ఇవి నాకు కనపడలేదు, ఆన్‌లైనే గతి. ఒక అమ్మకందారు పంపిన పుస్తకం మూలలు నలిగి, అట్ట మడత పడి వచ్చింది, మార్చమంటే పదిసార్లు ఫొటోలు అడిగి చేతులెత్తేశాడు. అందుకని పార్సిల్ విప్పుతూ వీడియో తీసుకోండి. విడిగా ఒక్కోటి నాకు 400 నుంచి 500 మధ్య పడింది, ఆ లెక్కన 74 కొంటే 29,600 నుంచి 37,000 దాకా అవుతుంది, ఇంట్లో ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం. బాక్స్ సెట్లు మూడున్నాయి: 1 నుంచి 21, 22 నుంచి 48, 49 నుంచి 74. విడిగా కొన్నదానికంటే కలిసొస్తుంది, కానీ ఆ అట్టపెట్టె పెట్టడానికి బీరువాలో సగం అర ఖాళీ చేయాలి. డబ్బు పెట్టలేనివాళ్ళకి షోనెన్ జంప్ యాప్ ఇండియాలో పనిచేస్తుంది, నెల చందా కూడా పెద్దదేం కాదు. దొంగ సైట్లలో స్కాన్లు చదవకండి, రెండు పేజీల బొమ్మలన్నీ మధ్యలో తెగిపోతాయి, ఈ మాంగాకి ప్రాణం అవే.

చిన్నపిల్లలకి ఇవ్వకండి, రక్తం బాగానే ఉంటుంది, ఆడవాళ్ళ బొమ్మలు కొన్నిచోట్ల అనవసరంగా గీశాడు. హైస్కూలు దాటినవాళ్ళకి పర్లేదు.

నా సలహా అడిగితే మొదటి బాక్స్ సెట్ కొనండి. అది నచ్చితే రెండోది యాప్‌లో పరిగెత్తించి, మూడోది మళ్ళీ కాగితం మీద కొనుక్కోండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా చదివి ఇచ్చేస్తామంటే నా దగ్గరున్నవి ఇస్తాను, 60వది తప్ప.